కళాఖండంలో రత్నమ్మ ఆవకాయ

పశ్చిమ థేమ్స్ తెలుగు సాంస్కృతిక సమాఖ్య కార్యవర్గం ఫిబ్రవరి సమావేశంలో ఒక చరిత్రాత్మక తీర్మానం చేసింది. దాని ప్రకారం ఇంగ్లండ్‌లోని స్లౌ పట్టణంలోనూ చుట్టుపక్కలా నివసించే తెలుగువారంతా మార్చి రెండో ఆదివారం ఉదయం పదకొండు గంటలకు సంస్కారవంతులు కావాలి. మధ్యాహ్నం మూడింటికల్లా ఆ పని పూర్తయిపోవాలి. ఎందుకంటే మూడున్నరకు అదే హాలును కౌన్సిల్ వారు జుంబా డాన్సు క్లాసుకు ఇచ్చారు.

ఇంత తొందరగా సంస్కారం అవసరం కావడానికి కారణం లేకపోలేదు. లీసెస్టర్‌లో ఇంకో తెలుగు సంఘం వారు జనవరిలో ఇటాలియన్ సంగీత కచేరీ పెట్టారు. సభ్యులు కునుకు తీస్తున్న ఫొటోలు పక్కన పడేసి, చప్పట్లు కొడుతున్న ఫొటోలు మాత్రమే ఏరి వాట్సాప్‌లో పెట్టారు. ఆ ఫొటోలు చూసి సమాఖ్య అధ్యక్షుడు విద్యాసాగర్ గారికి రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజున ఆయనకు శుభవార్త అందింది. యూరప్‌లో మూడు బహుమతులు కొట్టిన ఒక కళాచిత్రానికి మన స్లౌ అమ్మాయే పనిచేసిందట. సినిమా పేరు ‘చల్లారిన సూప్’. ప్రేమ, ప్రతీకారం ఇతివృత్తంగా తీసిన విషాద హాస్య చిత్రమని పోస్టరు మీద రాసి ఉంది. విద్యాసాగర్ గారు పోస్టరు మొత్తం చదివారు. సినిమా చూడటం ఆయన బాధ్యతల్లోకి రాదు.

ఆ అమ్మాయి పేరు అక్షర. ఆమె తల్లి రత్నమ్మ.

రత్నమ్మ గుంటూరు జిల్లాలో పదో తరగతి వరకు చదివి, స్లౌలో ఒక స్కూలు వంటగదిలో పనిచేస్తోంది. భయపడటంలో మాత్రం ఆమె చదువు పై స్థాయిది. గిడ్డంగిలో షిఫ్టు ముగించుకుని రావలసిన భర్త కోటయ్య పది నిమిషాలు ఆలస్యమైతే, ఆయన మీద అట్టపెట్టెలు కూలిపోయినట్టు, అంబులెన్సు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నట్టు, ఆ అంబులెన్సు టైరు పంచరైనట్టు వరసగా కనిపించేది. పేట డాక్టరుండే జీపీ సర్జరీ నుంచి ఉత్తరం వస్తే విప్పకుండా రెండు రోజులు దేవుడి పటం ముందు ఉంచేది. మూడో రోజు విప్పితే, ఫ్లూ టీకాకు రమ్మని ఉండేది. ఇరవయ్యేళ్లుగా ఆమె పడిన భయాల్లో ఒక్కటీ నిజం కాలేదు. తాను భయపడబట్టే అవి ఆగాయని ఆమె నమ్మకం. ఈ విషయంలో ఆమెకు ఇంట్లో ఎవరూ కృతజ్ఞతలు చెప్పిన పాపాన పోలేదు.

ప్రస్తుతం ఆమె పూర్తికాలం పడుతున్న భయం అక్షర పెళ్లి. కుర్రాడు నవదీప్, కోవెంట్రీలో కార్ల డిజైను ఆఫీసులో పని. అక్కడి యూనివర్సిటీలో ఇద్దరూ కలిసి చదువుకున్నారు, ఇష్టపడ్డారు. పిల్లలు ఇష్టపడ్డాక పెద్దలు నచ్చజెప్పుకునే ఆచారం ప్రకారం పెద్దలు నచ్చజెప్పుకున్నారు. తాంబూలాలు ఒక్కటే బాకీ. నవదీప్ వాళ్లది వరంగల్లు. తల్లి రాజేశ్వరమ్మ జనవరిలో ఒకసారి ఇల్లు చూడటానికి వచ్చింది. కాఫీ చల్లగా ఉందంది, సోఫా కిందికి ఉందంది, పిల్ల గట్టిగా నవ్వుతుందంది, పులిహోర పుల్లగా ఉందంది. అన్నిటికీ రత్నమ్మ “అవునండీ” అంది. ఆవిడ వెళ్లాక, ఆ ఇంట్లో తన పిల్ల ఎలా బతుకుతుందా అని ఒక భయం, ఈ సంబంధం చెడిపోతే తన పిల్ల ఎలా బతుకుతుందా అని ఇంకో భయం, రెండూ కలిపి పడసాగింది. రెండు భయాలు ఒకదానికొకటి పొసగవని కోటయ్య అన్నాడు. భయపడేవాళ్లకు ఆ పట్టింపులు ఉండవు.

సమాఖ్య వారు సినిమా వేస్తున్నారని, దానికి కోవెంట్రీ నుంచి వియ్యాలవారిని కూడా పిలిచారని, సినిమా అయ్యాక అదే వేదిక మీద తాంబూలాలు కూడా మార్పించేస్తామని విద్యాసాగర్ గారు ఫోన్ చేసి చెప్పినప్పుడు రత్నమ్మ నిజంగానే సంతోషించింది. ఆ సంతోషం అరగంట నిలిచింది. సాయంత్రం అక్షర ఇంటికి వచ్చి, “అమ్మా, ఒక చిన్న థింగ్ చెప్పాలి. నువ్వు పానిక్ అవ్వకూడదు” అంది. రత్నమ్మ పొయ్యి కట్టేసి, కుర్చీ లాక్కుని, పానిక్ అవడానికి సిద్ధంగా కూర్చుంది.

జరిగింది ఇదీ. అక్షర ఆ సినిమాలో సెట్ సామాన్లు సమకూర్చే విభాగంలో అసిస్టెంటు. దర్శకుడిది డెన్మార్క్. కథలో కథానాయిక వాడే విషం ఒక గాజు సీసాలో ఉండాలి, దాని రంగు ప్రేమలా ఉండాలి అని ఆయన ఆజ్ఞ. అక్షర స్ట్రాబెర్రీ జామ్ తెచ్చింది. ఇది స్నేహం మాత్రమే అన్నాడు. టమాటా సాస్ తెచ్చింది. ఇది పరిచయం అన్నాడు. ఎర్ర రంగు కలిపిన గ్లిజరిన్ తెచ్చింది. ఇది భార్యాభర్తల బంధం అని పక్కకు తోసేశాడు. మూడో రోజు మధ్యాహ్నం ఆమె ఆకలేసి లంచ్ బ్యాగులోంచి అమ్మ పెట్టిన ఆవకాయ సీసా తీసింది. దర్శకుడు దాన్ని నాలుగు నిమిషాలు చూశాడు. తర్వాత అద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. మూత తీసి వాసన చూసి మళ్లీ తుడుచుకున్నాడు, కానీ అది వేరే కారణం.

“నా ఆవకాయ విషంగా పెట్టారా?” అంది రత్నమ్మ.

“విషంగా కాదమ్మా, విషం పాత్రలో. ఇట్స్ ఎ బిగ్ రోల్. చివర్లో థాంక్స్ కూడా వేశారు నీకు.”

“సీసా మీద కాగితం?”

అక్షర కాసేపు ఫోన్ చూసుకుంది. ఆ సీసా మీద రత్నమ్మ స్వయంగా టేపు అంటించి, మార్కరు పెన్నుతో పెద్ద అక్షరాల్లో ‘రత్నమ్మ ఆవకాయ – కొత్తది’ అని రాసింది. స్కూలు వంటగది ఫ్రిజ్‌లో సీసాలు కలిసిపోకుండా ఆమెకున్న అలవాటు అది. టేపు తీసేద్దామంటే దర్శకుడు ఒప్పుకోలేదట. ఆ గుండ్రటి రాతలో ఏదో శాపం ఉందన్నాడట. సినిమాలో ఆ సీసా పదకొండు సార్లు తెర నిండా కనిపిస్తుంది. పారిస్ నుంచి వచ్చే ఒక పత్రికలో విమర్శకుడు ఆ లిపి ప్రాచీన మృత్యుమంత్రమని రెండు పేజీలు రాశాడు. యూరప్ ఖండంలో కోట్లమంది జనం ఉన్నారు. వాళ్లలో దాన్ని చదవగలిగిన కొద్దిమందినీ విద్యాసాగర్ గారు ఒకే హాల్లో కూర్చోబెడుతున్నారు.

రత్నమ్మ భర్త దగ్గరకు వెళ్లింది. “విషం మనదైతే ఏంటే, పోసింది ఆ సినిమాలో ఆవిడేగా” అన్నాడు కోటయ్య. ఆమె విద్యాసాగర్ గారి ఇంటికి వెళ్లింది.

“అన్నయ్యగారూ, ఆ సినిమా బదులు ఏదైనా భక్తి సినిమా వేయండి. పిల్లలూ వస్తారు.”

“పిల్లల కోసమేనమ్మా. ప్రేమ, ప్రతీకారం అని రాశారు. అంటే కుటుంబ కథే కదా.”

“మీరు చూశారా అండీ?”

“తీర్మానం మినిట్స్ పుస్తకంలోకి ఎక్కింది రత్నమ్మగారూ” అన్నారాయన. అధ్యక్షుల వారు ఒకసారి మినిట్స్ మాట ఎత్తాక, ఇక బతికినా చచ్చినా అందులో ఉన్నట్టే జరగాలి.

ఆ ఆదివారం హాలు నిండిపోయింది. ఫైర్ అలారం మోగుతుందని కౌన్సిల్ వారు దీపం వద్దన్నారు కాబట్టి బ్యాటరీ దీపాన్ని స్విచ్ నొక్కి జ్యోతి ప్రజ్వలన గావించారు. ప్రొజెక్టరు అద్దెకిచ్చిన పోలండ్ కుర్రవాడికి శాలువా కప్పారు. అతను చలికి కాబోలనుకుని థాంక్స్ చెప్పి కప్పుకునే కూర్చున్నాడు. విద్యాసాగర్ గారు నలభై నిమిషాలు ప్రసంగించారు. కళ లేని జాతి జాతి కాదన్నారు. తాను చిన్నప్పుడు చిత్రలేఖనంలో రెండో బహుమతి పొందానన్నారు. మొదటి బహుమతి ఎందుకు రాలేదో వివరించడానికి పదిహేను నిమిషాలు పట్టింది. మొదటి వరసలో వియ్యాలవారి పక్కన కూర్చున్న రత్నమ్మకు ఆ ప్రసంగం ఎప్పటికీ అయిపోకపోతే బాగుండుననిపించింది. సమాఖ్య చరిత్రలో అధ్యక్షుల ప్రసంగం గురించి ఒక సభ్యురాలు అలా కోరుకోవడం అదే ప్రథమం.

సినిమా మొదలైంది. డేనిష్ భాష, కింద ఇంగ్లిష్ అక్షరాలు. పెద్దవాళ్లకు అర్థం కావాలని కార్యదర్శి పుష్పలీల మైకు పట్టుకుని ఎప్పటికప్పుడు తెలుగులో చెప్పే ఏర్పాటు చేశారు. కథ నిజానికి చిన్నదే. మంచు కురిసే ఒక ఊళ్లో ఒకాయన ఒకామెను ప్రేమించి, చర్చి మెట్ల మీద వదిలేసి పోతాడు. ముప్పై ఏళ్ల తర్వాత ఆమె ఆయన ఇంట్లోనే వంటమనిషిగా చేరుతుంది. ఆ ఇంటివాళ్లలో ఒక్కొక్కరికీ సూప్ వడ్డిస్తుంది. ఒక్కొక్కరూ పోతారు. పోయినప్పుడల్లా ఒక బ్యాండు మేళం వచ్చి అపస్వరంగా వాయిస్తుంది, అక్కడ నవ్వాలి. మధ్యలో ఆమె కిటికీలోంచి చూస్తుంది.

“ఆమె కిటికీలోంచి చూస్తోంది” అంది పుష్పలీల మైకులో. కాసేపాగి, “ఇంకా చూస్తోంది” అంది. ఇంకాసేపాగి, “మీరు కావాలంటే వాష్‌రూమ్‌కు వెళ్లి రావచ్చు” అంది.

ఒకచోట కథానాయికా ఆయనా ముద్దు పెట్టుకోబోయారు. అది పసిగట్టి ఇద్దరు కార్యవర్గ సభ్యులు మిగిలిన శాలువా పట్టుకుని పరుగెత్తి తెరకు అడ్డంగా నిలబడ్డారు. పిల్లల మనసులు చెడిపోకుండా కాపాడటం సమాఖ్య ఆశయాల్లో మూడోది. ముద్దు అయిపోయిందని పుష్పలీల ప్రకటించాక శాలువా దించారు. ఆ వెంటనే కథానాయిక ఆయన తండ్రికి సూప్ ఇచ్చింది, ఆ పెద్దాయన బల్ల మీద గిలగిలా కొట్టుకుని పోయాడు. పిల్లలు కళ్లార్పకుండా చూశారు. తర్వాత పోయిన ఆరుగురిని కూడా హాయిగా చూశారు. చావులకు శాలువా అడ్డం పెట్టాలని ఏ తల్లిదండ్రులూ కోరలేదు.

కానీ ఆ తండ్రి పోకముందే తెర మీద సీసా వచ్చింది. సీసా మీద టేపు, టేపు మీద రాత, ఒక్కో అక్షరం మనిషంత. హాల్లో ఉన్న తెలుగువారు, చదువొచ్చిన ఎవరైనా చేసే పనే చేశారు. అందరూ కలిసి పైకి చదివారు.

“రత్నమ్మ... ఆవకాయ... కొత్తది.”

పుష్పలీల మైకు పట్టుకునే ఉంది కానీ అనువదించడానికి ఏమీ లేదు.

ఒక్కొక్క చావుకూ వందమంది తలలు మొదటి వరస వైపు తిరిగాయి. రత్నమ్మ పక్కకు చూసే ధైర్యం చేయలేదు. రాజేశ్వరమ్మ మాత్రం తల తిప్పలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, చూపు తెరకు అతికించుకుని, పాఠం వింటున్నట్టు కూర్చుంది.

ఒంటిగంటకు సినిమా ఆపి భోజనాలు పెట్టారు. బల్ల చివర స్టీలు బేసిన్లో ఎప్పటిలాగే రత్నమ్మ ఆవకాయ. మామూలుగా ఆ బేసిన్ దగ్గర చిన్న తోపులాట జరిగేది. ఒక ఉగాదికి ముక్క కోసం ఇద్దరు డాక్టర్లు మాటామాటా అనుకున్నారు కూడా. ఈసారి గరిటె దిగలేదు. ఒకరికి డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు. ఒకరికి మామిడికాయ పడటం లేదు, నిన్నటి నుంచే. ఒకాయన పచ్చళ్లు తినని మొక్కు మొక్కుకున్నాడు, ఎప్పటి వరకని కోటయ్య అడిగితే, ఈ హాల్లో ఉన్నంత వరకని కంగారులో నిజం చెప్పేశాడు. అందరూ రత్నమ్మను చూసి నవ్వుతూనే, ఆమె కంచం వైపు వంగితే తమ కంచం పక్కకు జరుపుకున్నారు.

సినిమా పూర్తయ్యాక విద్యాసాగర్ గారు మళ్లీ మైకు అందుకున్నారు. “ప్రేమ ఎంత పవిత్రమో, ప్రతీకారానికి ఎంత ఓర్పు కావాలో ఈ మహత్తర చిత్రం మన పిల్లలకు నేర్పింది. ఇందులో మన సమాఖ్య సభ్యురాలి పాత్ర ఎంతో ఉంది. ఆ పాత్ర ఎంత అన్నది ఇప్పుడు చర్చించనవసరం లేదు” అన్నారు. చప్పట్లు మోగాయి. ఫొటోలు తీశారు.

తాంబూలాల పళ్లెం బల్ల మీద అలాగే ఉంది. రాజేశ్వరమ్మ కోటు తొడుక్కుంది.

“తాంబూలాలు మల్ల చూస్కుందాం వదినా. ఇయ్యాల తలకాయ నొస్తున్నది.”

“టాబ్లెట్ ఇమ్మంటారా?” అంది రత్నమ్మ. అన్నాక గానీ ఏమన్నదో ఆమెకు తెలియలేదు. రాజేశ్వరమ్మ రెండడుగులు వెనక్కి వేసి, “వద్దొద్దు, గాలి తగిలితే తగ్గుతది” అని కారెక్కింది.

తర్వాతి పది రోజులు ఇంట్లో సూతకంలా గడిచాయి. అక్షర పనికి వెళ్లి వచ్చి గదిలోకి పోయేది. తన తల్లి పెళ్లి మాట ఎత్తడం లేదని, ఆ సినిమాను లాప్‌టాప్‌లో ఇంకో రెండుసార్లు చూసిందని, ఒకసారి మధ్యలో ఆపి ఏదో రాసుకుందని నవదీప్ ఫోన్లో చెప్పాడు. ఒక సాయంత్రం కూతురు మంచం అంచున కూర్చుని, “అమ్మా, వాళ్లు నో అంటే నేను ఏం చేయాలి?” అంది. రత్నమ్మ వెళ్లి కిటికీ గడియ సరిచూసింది. ఇరవై నాలుగేళ్లుగా లోకంలోని ప్రతి ప్రమాదం నుంచీ ముందే భయపడి ఈ పిల్లను కాపాడుకుంటూ వచ్చింది. ఆవకాయ గురించి భయపడాలని మాత్రం ఆమెకు తట్టలేదు. అది తన తప్పే అనుకుంది.

పదకొండో రోజు మధ్యాహ్నం పుష్పలీల వచ్చింది. కర్టెన్ సర్ది, కూర్చుని, గొంతు తగ్గించి, “ఆంటీ, ఆ ఆవకాయ ఇంకా ఉందా? సినిమాలోది?” అంది.

రత్నమ్మకు ప్రాణం లేచొచ్చింది. జనం మళ్లీ తన చేతి పచ్చడి అడుగుతున్నారు. “ఎందుకు లేదమ్మా, అదే జాడీలోది” అని పెద్ద సీసా నింపింది.

“మా అత్తగారికి ఆంటీ. విజిటర్ వీసా మీద వచ్చారు. అయిదు నెలలైంది” అంటూ పుష్పలీల సీసాను రెండు కవర్లలో చుట్టింది. తలుపు దగ్గర ఆగింది. “ఎన్ని రోజులు పడుతుంది?”

“ఊరిపోయిందమ్మా, ఇవాళే తినొచ్చు.”

“అది కాదు ఆంటీ. తిన్నాక.”

రత్నమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక సీసా కవరు పట్టుకుని ఆపింది. “పుష్పా, ఇది వట్టి పచ్చడమ్మా. మామిడికాయ, కారం, ఆవపిండి, నూనె” అంది. పుష్పలీల ఆమె చెయ్యి నొక్కి, “అర్థమైంది ఆంటీ. ఎవరడిగినా నేనూ అదే చెప్తాను” అంది.

మరుసటి రోజు విద్యాసాగర్ గారు వచ్చారు. ఆయన కవిత్వం లేకుండా మాట్లాడరు కాబట్టి, మేలో జరగబోయే సమాఖ్య ఎన్నికల్లో తనపై పోటీకి దిగిన పాత మిత్రునికి ప్రేమ చిహ్నంగా ఒక సీసా బహూకరించాలని ఉందన్నారు. సమాఖ్య అవసరాల నిమిత్తమని కూడా అన్నారు. ఆ తర్వాత వరస కట్టారు. ఒక డాక్టరు గారు, ఇంకో డాక్టరు గారి కోసం. లెక్కల టీచరు, మేనేజరు కోసం. ముప్పై ఏళ్ల కాపురం అని స్వీట్లు పంచిన దంపతులు వేర్వేరుగా వచ్చి చెరొక సీసా తీసుకున్నారు. అందరూ చదువుకున్నవాళ్లు, ఇంగ్లిష్‌లో పిటిషన్లు రాయగలవాళ్లు, రీసైక్లింగు డబ్బాల్లో ఏది ఏ రంగు దాంట్లో వేయాలో తెలిసినవాళ్లు. రత్నమ్మ ప్రతి ఒక్కరికీ ఇది పచ్చడే అని చెప్పింది. ప్రతి ఒక్కరూ కన్ను కొట్టారు. ఇవ్వనంటే, “మమ్మల్ని పరాయివాళ్లను చేశారా?” అని నొచ్చుకున్నారు. మన వాళ్లలో పచ్చడి అడిగితే లేదనడం శత్రుత్వం కిందికి వస్తుంది. కాబట్టి ఇచ్చింది. ఏప్రిల్ మొదటి వారానికి నలభై సీసాలు వెళ్లాయి.

రెండో శనివారం మధ్యాహ్నం రాజేశ్వరమ్మ వచ్చింది. ఒక్కతే వచ్చింది. చేతిలో పళ్లు, పూలు, అక్షరకు పట్టుచీర. రత్నమ్మ తెచ్చిన కాఫీ తాగి, మంచిగుందంది. సోఫా మెత్తగ ఉందంది. అప్పుడు కోటయ్య నోట్లోని బిస్కెట్ నమలడం ఆపేశాడు. జులైలో ముహూర్తం పెట్టించానని, తాంబూలాలు ఇప్పుడే మార్చుకుందామని అంది. మార్చుకున్నారు. అక్షర ఫోను పట్టుకుని పైకి పరుగెత్తింది.

“వదినా, జర వంటింట్లకు రాండ్రి. మాట్లాడాలె” అంది రాజేశ్వరమ్మ.

రత్నమ్మ తలుపు వేసింది.

“మా ఆడిబిడ్డ కమలాదేవిని మీరు చూడలే. నా పెండ్లినాడు పదిమంది ముంగట అన్నది వదినా, మా తమ్మునికి ఇంతకన్న తెల్లపిల్ల దొరకలేదా అని. ఇరవై ఏడేండ్లాయె. ఆ మాట నాకు ఇంకా అరుగలే. ఇప్పుడు మా ఇంటికి వచ్చి మూడు నెలలు. ఇంక పోతలేదు. టీవీ రిమోటు సుత ఆమె దిండు కిందనే.” కొంగుతో ముక్కు తుడుచుకుంది. “ఆ సిన్మాల ఆమె ముప్పై ఏండ్లు ఓపిక పట్టింది. నాకింక మూడేండ్లు తక్కువున్నయి. ఏం కాదు గద?”

“వదినగారూ, మీ కాళ్లు పట్టుకుంటాను. ఇది వట్టి ఆవకాయ” అంది రత్నమ్మ. మాటలతో లాభం లేదనిపించి, గిన్నెలో అన్నం పెట్టుకుని, జాడీలోంచి రెండు ముక్కలు వేసుకుని, కలిపి, ఆవిడ ఎదురుగానే నాలుగు ముద్దలు తినేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కొత్త కారం.

రాజేశ్వరమ్మ ఆ నాలుగు ముద్దలనూ భక్తిగా చూసింది. “ముందుగాల విరుగుడు తిన్నట్టున్నరు” అంది మెల్లగా.

రత్నమ్మ తన ఎంగిలి చెయ్యి చూసుకుంది.

“మీ అక్షర గురించి మీరు ఫికరు పడకుండ్రి వదినా” అంది రాజేశ్వరమ్మ. “ఆమెను నేను పల్లెత్తు మాట అంటనా? అన్నంక, నేను తినే బువ్వ మీద నాకు భరోసా ఉంటదా? మీరు నెలకోసారి రాండ్రి, చూస్కోండ్రి. నవ్వితే నవ్వనియ్యి, ఉద్యోగం చేస్తే చెయ్యనియ్యి. నేను అడ్డమొస్తనా?”

ఈ ఒక్క మాట కోసం రత్నమ్మ పదహారు శుక్రవారాలు పస్తులుంది. రెండు మొక్కులు మొక్కుకుంది, ఒకటి తీర్చింది కూడా. బంధువుల్లో పెద్దమనుషుల చేత చెప్పించింది. తాను వంగి వంగి నమస్కారాలు పెట్టింది. వీటిలో దేనికీ ఏ మగపెళ్లివారి నోటి నుంచీ రాని మాట, ఒక డెన్మార్క్ పిచ్చివాడి పుణ్యమా అని, తన వంటగదిలో, తన జాడీ పక్కనే వచ్చేసింది. ఇది పచ్చడే అని ఇంకోసారి చెబుదామని ఆమె నోరు తెరిచింది. తెరిచి, మూసుకుంది.

తర్వాత చెయ్యి కడుక్కుని, అలమారలోంచి అందమైన సీసా ఒకటి తీసి, మెడ దాకా నింపి, నూనె తేలేలా పైన పోసి, మూత బిగించి, టేపు అంటించి, మార్కరుతో తన పేరు రాసింది. అక్షరాలు ఈసారి ఇంకొంచెం పెద్దవిగా రాసింది.

“తడి చెంచా పెట్టకండి వదినగారూ” అంది. “ఎండ తగలని చోట ఉంచండి. చిన్నపిల్లలకు అందనివ్వకండి, కారం ఎక్కువ.”

“సరే వదినా” అంది రాజేశ్వరమ్మ ప్రతి మాటకూ. వెళ్లేముందు తాను తాగిన కాఫీ కప్పు తీసుకుని సింకులో కడిగి, తుడిచి, బోర్లించింది. పెళ్లికొడుకు తల్లి పెళ్లికూతురి ఇంట్లో తన కప్పు తానే కడగడం బ్రిటన్‌లోని తెలుగువారి చరిత్రలో నమోదు కావలసిన ఘట్టం. ఫొటో తీసేవాళ్లు లేకపోయారు.

ఆ సాయంత్రం అక్షర గొడవ పెట్టుకుంది. “అమ్మా, దిస్ ఈజ్ మ్యాడ్. వాళ్లు నిజంగా ఎవరినో చంపాలనుకుంటున్నారు. నువ్వు క్లియర్‌గా చెప్పాలి కదా.”

“చెప్పానే. తిని కూడా చూపించాను.”

“మళ్లీ చెప్పు.”

“పచ్చడికి ఎవరూ పోరులేవే” అంది రత్నమ్మ. “నువ్వా ఇంటికి వెళ్లాక చెబుతాను. ఒక పదేళ్లాగి.”

ఎవరూ పోలేదు. పైగా పుష్పలీల అత్తగారు, ఈ దేశంలో తిండికి రుచి లేదని ఏప్రిల్‌లో వెళ్లిపోదామనుకుంటున్న మనిషి, ఇలాంటి ఆవకాయ దొరుకుతుంటే తొందరేముందని కొడుకు చేత వీసా కాగితాలు మళ్లీ వేయించింది. విద్యాసాగర్ గారి పాత మిత్రుడు రెండు పూటలా పచ్చడన్నం తిని, బలం పుంజుకుని, ప్రచారం చేసి, పదిహేడు ఓట్ల తేడాతో గెలిచాడు. కమలాదేవి గారు సీసా ఖాళీ చేసి, తమ్ముడి భార్య ఇన్నాళ్లకు తనను ప్రేమగా చూసుకుంటోందని బంధువులందరికీ ఫోన్లు చేసి ఏడ్చారు. చూసినవాళ్లెవరికీ అది పచ్చడే అన్న అనుమానం మాత్రం రాలేదు. అసలు సరుకు రత్నమ్మ దాచుకుందని, ఎవరికి ఎప్పుడు పనిచేయాలో ఆమె ఇష్టమని, ఆమెతో జాగ్రత్తగా ఉండాలని తేల్చుకున్నారు. స్కూలు వంటగదికి వచ్చి మరీ నమస్కారాలు పెట్టసాగారు.

జూన్‌లో సమాఖ్య సర్వసభ్య సమావేశం జరిగింది. యూరప్ కళాచిత్రాలకూ వాస్తవ జీవితానికీ ఎలాంటి సంబంధమూ లేదని అనుభవపూర్వకంగా రుజువైనందున, ఇకపై అలాంటివి ప్రదర్శించరాదని కొత్త అధ్యక్షులు ప్రతిపాదించారు. అనుకూలంగా నలభై ఒక్క చేతులు లేచాయి. ఆ అనుభవం ఏమిటని ఎవరూ అడగలేదు. హాలులో చాలా మర్యాద పాటించారు.

జులైలో పెళ్లి కోవెంట్రీలో వైభవంగా జరిగింది. మగపెళ్లివారు ఆడపెళ్లివారికి ఎదురొచ్చి తీసుకెళ్లారు. భోజనాల దగ్గర రాజేశ్వరమ్మ తన చేత్తో కుర్చీ తెచ్చి రత్నమ్మకు వేసి, “కూసోండ్రి వదినా, మీరు తిన్నంకనే మేము” అంది. ఆవిడ మాట మీద మూడువందల మంది ఆగారు. రత్నమ్మ కూర్చుంది. తన పిల్ల గట్టిగా నవ్వుతుంటే అత్తవారింట్లో ఎవరూ వద్దనకపోవడం కళ్లారా చూసింది.

ఇదంతా చదివి, స్లౌ వాళ్లు ఇంత మూర్ఖులా అని మీరు నవ్వుకుంటే నవ్వుకోండి. నవ్వడం అయ్యాక, ఒక్కటి మాత్రం జ్ఞాపకం చేసుకుని చెప్పండి. మీ కోడలి తల్లి మీ ఇంటికి వచ్చినప్పుడు, ఆమె దగ్గర విషం లేదని మీకు ఖాయంగా తెలిసి కూడా, ఆమెకు కుర్చీ వేసింది ఎప్పుడు?